కంప్యూటర్‌తో సాము

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2 అనే కంప్యూటర్ ఆట 1999 సెప్టెంబరులో వచ్చింది. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్నారు గానీ ఆట మాత్రం పాతబడలేదు. 2019 నవంబరులో బొమ్మలకు మెరుగులు దిద్ది ‘డెఫినిటివ్ ఎడిషన్’ పేరుతో మళ్లీ విడుదల చేశారు. ర్యాంకుల కోసం రోజూ ప్రపంచం నలుమూలల నుంచీ జనం ఆన్‌లైన్‌లో తలపడుతూనే ఉన్నారు. ఈ పోటీలోకి కొత్తగా దిగేవాళ్ల కథ దాదాపు ఒకేలా మొదలవుతుంది. ముందు నెలల తరబడి కంప్యూటర్ మీద ఆడతారు. ‘మోడరేట్’ స్థాయిని ఓడిస్తారు, ‘హార్డ్’ని ఓడిస్తారు, చివరికి ‘హార్డెస్ట్’ని కూడా మట్టికరిపిస్తారు. ఇక మనకు ఎదురులేదనుకుని మనుషులతో మ్యాచ్‌కు దిగుతారు. పన్నెండు నిమిషాలైనా గడవకముందే ముక్కూమొహం తెలియని ప్రత్యర్థి నాలుగు గుర్రాలు వేసుకుని వచ్చి, అడవి అంచున చెట్లు కొట్టుకుంటున్న పనివాళ్లను నరికేసి చక్కా పోతాడు. ఇరవయ్యో నిమిషానికల్లా ఆట ముగుస్తుంది.

అన్నాళ్ల సాధన ఏ గంగలో కలిసిందో ఆ ఆటగాడికి అంతుబట్టదు. నిజానికి కొంత ఎక్కడికీ పోలేదు. కొంత మాత్రం అసలు సాధనే కాదు. కంప్యూటర్ కొన్ని విషయాలను ఏ మనిషీ నేర్పలేనంత బాగా నేర్పుతుంది, మరికొన్నిటిని పనిగట్టుకుని తప్పుగా నేర్పుతుంది. ఈ రెండిటినీ విడదీసుకోవడం తెలిసినవాడే దానితో లాభపడతాడు.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. తెర మీద మీకో చిన్న ఊరు ఇస్తారు. అందులో టౌన్ సెంటర్ ఒకటి, పనివాళ్లు ముగ్గురు, దారులు వెతికే గుర్రపు రౌతు ఒకడు. పనివాళ్లను విలేజర్లనీ, రౌతును స్కౌట్ అనీ ఆటగాళ్లు పిలుచుకుంటారు. ఖజానాలో 200 తిండి, 200 కలప, 100 బంగారం, 200 రాయి ఉంటాయి. చుట్టూ మ్యాప్ అంతా నల్లగా ఉంటుంది. మీ మనుషులు తిరిగిన మేరకే కనిపిస్తుంది. ఆ చీకట్లో ఎక్కడో అవతలివాడికీ సరిగ్గా ఇంతే ఆస్తి. సరుకు పోగేసి, ఇళ్లు కట్టి, పనివాళ్లను పెంచి, చీకటి యుగం నుంచి ఫ్యూడల్, క్యాజిల్, ఇంపీరియల్ యుగాలకు ఎదుగుతూ, సైన్యం తయారు చేసుకుని అవతలివాడి ఊరిని పడగొట్టాలి. నీ ఎత్తు, నా ఎత్తు అంటూ చదరంగంలో ఉండే వంతులు ఇక్కడ లేవు. ఇద్దరూ ఒకేసారి ఆడుతుంటారు, గడియారం ఎవరి కోసమూ ఆగదు.

అందుకే లెక్క మొదటి క్షణం నుంచే మొదలవుతుంది. ఒక పనివాణ్ని తయారు చేయడానికి 50 తిండి, 25 సెకన్లు పడుతుంది. ఒక ఇంటికి 25 కలప. అది ఐదుగురికి చోటిస్తుంది. ఆట మొదలవగానే అనుభవం ఉన్నవాడి చేతులు చూడాలి. ఉన్న 200 తిండీ ఖర్చుపెట్టి టౌన్ సెంటర్‌లో నలుగురు పనివాళ్లను వరసపెడతాడు. ఉన్న ముగ్గురితో ఇళ్లు మొదలుపెడతాడు. స్కౌట్‌ను గొర్రెల కోసం ఊరి చుట్టూ తిప్పుతాడు. గొర్రె దొరకగానే దాన్ని టౌన్ సెంటర్ గోడ పక్కకు తోలుకొచ్చి అక్కడే కోయిస్తాడు, మాంసం మోసే దూరం తగ్గుతుందని. ఆరుగురిని గొర్రెల మీద పెట్టి, తర్వాత వచ్చిన ముగ్గురినో నలుగురినో కలపకు పంపుతాడు. ఆ తర్వాత అడవిపంది వంతు. ఒక పనివాడు వెళ్లి దానికి ఒకటి రెండు దెబ్బలు వేసి వెనక్కి పరుగు తీయాలి. పంది తరుముకుంటూ టౌన్ సెంటర్ దాకా వస్తుంది. అక్కడ మాటువేసిన మిగతావాళ్లు దాని పని పడతారు. దక్కేది 340 తిండి. ఒక్క క్షణం ఏమరితే పందే మనిషిని చంపేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లలో పందికి ఒక్క పనివాణ్నైనా బలి ఇవ్వనివాడు ఉండడు.

ఇప్పుడు చిన్న కూడిక. ఇరవై మంది పనివాళ్లు తయారయ్యాక ఫ్యూడల్ యుగానికి బటన్ నొక్కాలని పెట్టుకుందాం. ముగ్గురు ముందే ఉన్నారు. మిగిలిన 17 మందికి 25 సెకన్ల చొప్పున 425 సెకన్లు. పనివాళ్లకు కాస్త ఒంటి బలం పెంచే ‘లూమ్’ అనే మెరుగు చేయించుకోవడానికి మరో 25. మొత్తం 450, అంటే ఆట గడియారం ప్రకారం ఏడున్నర నిమిషాలు. ప్రత్యేక రాయితీలేవీ లేని జాతిని తీసుకుంటే ఎంత గొప్ప ఆటగాడికైనా ఇంతకన్నా తక్కువ సాధ్యం కాదు. కొత్తవాడు ఇదే పనికి పది నిమిషాలో, పదకొండో తీసుకుంటాడు. తేడా ఎక్కడా ఒక్కచోట కనిపించదు. ఇల్లు కట్టడం మర్చిపోయి కొత్త మనుషులు పుట్టడం ఆగిపోయింది. గొర్రె అయిపోయి ఆరుగురు చేతులు కట్టుకుని నిలబడ్డారు. స్కౌట్ మ్యాప్ చివర కొండ దగ్గర ఆగిపోయింది, దాని వంక చూసే తీరిక లేదు. టౌన్ సెంటర్ ఖాళీగా ఉన్న ప్రతి పాతిక సెకన్లకూ ఒక పనివాడు తక్కువ. శత్రువు కంటికి కనిపించకముందే సగం ఓటమి ఖాయమైపోయి ఉంటుంది.

ఈ సగానికి కంప్యూటర్‌ను మించిన గురువు లేదు. ఈ దశలో నిజానికి ప్రత్యర్థి అక్కరే లేదు, గడియారం ఉంటే చాలు. కంప్యూటర్ విసుక్కోదు, వెక్కిరించదు, కరెంటు పోయి ఆట మధ్యలో ఆగితే పాయింట్లు కోసుకోదు. భోజనానికి పిలిస్తే ఆట ఆపుకుని వెళ్లి రావచ్చు. అదే మ్యాప్‌ను, అవే గొర్రెలను, అదే పందిని పదిసార్లు ముందేసుకుని కూర్చోవచ్చు. డెఫినిటివ్ ఎడిషన్‌లో ‘ఆర్ట్ ఆఫ్ వార్’ పేరుతో ఇందుకోసమే కసరత్తులు పెట్టారు. ఆరంభపు ఆర్థికం ఒక పాఠం, ఊరిని వేగంగా పెంచడం ఒక పాఠం, ముందే వచ్చిపడే దాడిని కాచుకోవడం ఇంకో పాఠం. ఎంత సమయంలో ముగించారన్నదాన్ని బట్టి కంచు, వెండి, బంగారు పతకాలిస్తారు. మొదటిసారి ఆడినవాడు కంచుతో బయటపడితే గొప్ప.

కంప్యూటర్ దగ్గరే ఉండిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని పైకి ఒప్పుకోరు. మనుషులతో ఆడే ర్యాంక్‌డ్ మ్యాచ్‌లలో ప్రతి ఆటగాడికీ ఒక రేటింగ్ అంకె ఉంటుంది. అమెరికాలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసిన, హంగరీలో పుట్టిన అర్పాడ్ ఎలో చదరంగం కోసం తయారు చేసిన లెక్కే దీనికీ మూలం. కొత్తవాళ్లకు 1000తో మొదలవుతుంది. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తరుగుతుంది. ఆ అంకె ఎక్కడ పడిపోతుందోనన్న బెంగతో వేలు బటన్ మీదే ఆగిపోయేవాళ్లు ఎందరో. దీనికి ఆటగాళ్లు పెట్టుకున్న పేరు ‘ల్యాడర్ యాంగ్జైటీ’. చదువుకున్నవాళ్లు, ఆఫీసులో నలుగురికి పని చెప్పేవాళ్లు కూడా ఏళ్ల తరబడి కంప్యూటర్‌తోనే ఆడుకుంటూ ‘ఇంకా కాస్త ప్రాక్టీస్ చేసి దిగుతా’ అంటుంటారు. నష్టం మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ఎందుకో తెలియాలంటే ఆ కంప్యూటర్ ప్రత్యర్థి ఎలాంటివాడో చూడాలి. ఆటగాళ్ల భాషలో దాన్ని ‘బాట్’ అంటారు, ‘ఏఐ’ అని కూడా అంటారు. ఇప్పుడు వార్తల్లో నలిగే ఏఐకీ దీనికీ సంబంధం తక్కువ. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ బాట్ అంటే వందల కొద్దీ నియమాలు రాసిన ఒక ఫైలు. ఖజానాలో 25 కలప ఉండి, మనుషులకు చోటు తక్కువ పడుతుంటే ఇల్లు కట్టు. ఫ్యూడల్ యుగం వచ్చి, సైనికులు ఇంతమంది అయితే దాడికి పంపు. ఇలా ‘ఇదైతే అది చెయ్యి’ అనే వాక్యాల మూట. ఆ ఫైలును ఎవరైనా తెరిచి చదవొచ్చు, సొంతంగా రాసుకోవచ్చు కూడా. 1999 నుంచీ ఆ వీలుంది. బాట్లు రాయడమే సరదాగా పెట్టుకుని, ఒకరి బాట్‌ను ఇంకొకరి బాట్ మీదికి ఎగదోసే ఔత్సాహికులు అప్పటినుంచీ ఉన్నారు.

నియమాలతో నడిచేదానికి తెలివి తక్కువైనప్పుడు తయారీదారులు పట్టే అడ్డదారి ఒకటుంది: మోసం. పాత సీడీల రోజుల్లో ‘హార్డెస్ట్’ బాట్‌కు సరుకు అదనంగా, ఊరికే అందేది. డెఫినిటివ్ ఎడిషన్‌లో ఆ దొంగ లెక్క తీసేశారు. అందులోని ‘ఎక్స్‌ట్రీమ్’ బాట్ మనలాగే ప్రతి కట్టెనూ కొట్టుకోవాలి. ఇలాంటిదే మరో ఆట అయిన స్టార్‌క్రాఫ్ట్-2 తయారీదారులు, బ్లిజార్డ్ కంపెనీ వాళ్లు ఇంకాస్త నిజాయితీపరులు. బాట్లకు పది స్థాయిలు పెట్టి, పై మూడింటికి ఏకంగా ‘చీటర్’ అనే పేరు పెట్టారు. వాటిలో మొదటిదానికి మ్యాప్ అంతా కనిపిస్తుంది, చీకటి అనేదే ఉండదు. పైవాటికి సరుకు కూడా మనకన్నా వేగంగా అందుతుంది.

ఇలాంటి ప్రత్యర్థిని ఓడించడం చూడ్డానికి గొప్పగానే ఉంటుంది. కానీ ఆ గెలుపుతో పాటు ఏం ఒంటబడుతుందో గమనించాలి. మ్యాప్ అంతా చూడగలిగేవాడి ముందు సైన్యాన్ని దాచడం దండగ, కాబట్టి దాచడం నేర్చుకోరు. అవతలివాడు ఏం కడుతున్నాడో కనిపెట్టడానికి స్కౌట్‌ను పంపడం కూడా మానేస్తారు, ఎందుకంటే బాట్ ప్రతిసారీ చేసేది అదే. సరుకు ఎక్కువున్నవాడితో బయట తలపడలేక ఊరి చుట్టూ గోడలు కట్టి, కోట లేపి, లోపల నక్కి కూర్చుంటారు. బాట్ తన నియమం ప్రకారం కొద్దికొద్దిగా సైన్యాన్ని పంపి ఆ గోడలకు తల బాదుకుంటుంది. అది అలిసిపోయాక బయటికి వచ్చి దాన్ని చావగొడతారు. ఇది గంటన్నర పట్టే గెలుపు. ఇదే ఎత్తు మనిషి మీద వేస్తే వాడు గోడల జోలికే రాడు. మీరు లోపల కూర్చున్నంతసేపూ మ్యాప్‌లోని బంగారమంతా తవ్వుకుని, గోడలు పగలగొట్టే ఫిరంగులు తయారు చేసుకుని, తీరిగ్గా అప్పుడొస్తాడు.

ఆర్టీవో ఆఫీసు మైదానంలో కాలు కింద పెట్టకుండా ‘ఎనిమిది’ వేసి లైసెన్సు తెచ్చుకున్నవాడు సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట్ సెంటర్లోకి బండి తీస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఎనిమిది వేయడం రాకపోతే బండి ఎక్కకూడదు, నిజమే. అయితే అక్కడి గీతలు ఎదురు రావు, హారన్ కొట్టవు, ఇండికేటర్ ఎడమకు వేసి కుడికి తిరగవు.

మన ప్రాంతం వాళ్లకు ఈ చిక్కు ఇంకో రూపంలో కూడా ఎదురవుతుంది. 2022 ఏప్రిల్‌లో ఈ ఆటకు ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ అనే అదనపు భాగం వచ్చింది. బెంగాలీలు, గుర్జరులు, హిందుస్తానీలతో పాటు ద్రావిడులు ఒక జాతిగా అందులో చేరారు. రాజేంద్ర చోళుడి కథ మీద యుద్ధ ఘట్టాలున్నాయి. నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన రాజరాజనరేంద్రుడికి పిల్లనిచ్చిన మామగారే ఆయన. ద్రావిడుల చేతికి ఆటలో ‘ఊట్జ్ స్టీల్’ అనే ప్రత్యేక విద్య ఇచ్చారు. అది చేయించుకుంటే కాల్బలం, అశ్వబలం కొట్టే దెబ్బకు శత్రువు కవచం అడ్డు రాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కొలిమిల్లో తయారై దేశదేశాలకు పోయిన ఉక్కే అది. ఇంత బాగున్నాక తెలుగు కుర్రాడు ద్రావిడుల్ని కాక ఇంకెవర్ని ఎంచుకుంటాడు? కంప్యూటర్ మీద ఆడినప్పుడు ప్రతి ఆటలోనూ ఆ ఉక్కు చేతికొస్తుంది, ఊచకోతే. తీరా మనిషితో ఆడితే తెలుస్తుంది, ఆ విద్య దొరికేది చిట్టచివరి ఇంపీరియల్ యుగంలోనని, ఈలోపే అవతలివాడి ‘నైట్’ అనే కవచాల గుర్రపు దళం ఊరి మీద పడుతుందని, ద్రావిడులకు ఆ నైట్‌లు అసలే లేవని. చివరి యుగం దాకా మిమ్మల్ని బతకనిచ్చే మర్యాద బాట్లకు మాత్రమే ఉంది.

మనిషి ప్రత్యర్థి చేసే పని ఏమిటంటే, మీరు ఎక్కడ చూడట్లేదో అక్కడికి రావడం. ముందు వైపు పది మంది విలుకాళ్లను చూపించి, వెనక వైపు నుంచి రెండు గుర్రాలను కలప దగ్గరికి పంపుతాడు. చంపింది ఇద్దర్నే అయినా మిగతా ఎనిమిది మంది పరుగులు పెడతారు, మీ చూపు అక్కడ ఇరుక్కుంటుంది, టౌన్ సెంటర్ ఖాళీగా ఉండిపోతుంది. కొట్టింది కలపనే, దెబ్బ తగిలింది మాత్రం మీ గడియారానికి. మనిషి కంగారుపడతాడు కూడా, కోపం తెచ్చుకుంటాడు, గెలిచే ఆటను చేజేతులా పాడు చేసుకుంటాడు. టీ90అఫీషియల్ పేరుతో వ్యాఖ్యానం చేసే అమెరికన్ ‘లో ఎలో లెజెండ్స్’ అని ఒక వరస నడుపుతుంటాడు. అందులో ఆడేది ఛాంపియన్లు కారు, అడుగు రేటింగుల్లో ఉన్న మామూలు జనం. గోడ కట్టి తలుపు పెట్టడం మర్చిపోయేవాళ్లు, ముందున్న బంగారం వదిలేసి మ్యాప్ అవతలికి పోయేవాళ్లు. దాన్ని చూసేవాళ్లకు కొదవ లేదు. బాట్ చేసే పొరపాటు ఒకసారి చూస్తే రెండోసారి విసుగేస్తుంది. మనిషి పొరపాటు ప్రతిసారీ కొత్తగా ఉంటుంది, దాన్ని ఎదుర్కోవడానికి ముందస్తు పాఠం ఉండదు.

బాట్లు ఎంత ముదిరినా ఈ లోటు తీరుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు స్టార్‌క్రాఫ్ట్ చరిత్రలో దొరుకుతుంది. ఆ కథ కాస్త నిదానంగా చెప్పుకోదగ్గది.

స్టార్‌క్రాఫ్ట్ కూడా ఇదే కోవ ఆట. రాజులు, కోటల బదులు అంతరిక్షంలో మూడు జాతులు కొట్టుకుంటాయి. 1998లో వచ్చిన తొలి భాగం దక్షిణ కొరియాలో టీవీ చానళ్లలో ప్రసారమయ్యేంత పోటీ క్రీడ అయింది. బాట్లు రాసే విద్యార్థులకు, పరిశోధకులకు కూడా అదే రంగస్థలం. 2010 నుంచి వాటికి ఏటా పోటీలు జరిగేవి. 2017 అక్టోబరులో సియోల్‌లోని సెజోంగ్ విశ్వవిద్యాలయంలో కొరియా ఛాంపియన్ సాంగ్ బ్యోంగ్ గూను కూర్చోబెట్టి నాలుగు బాట్లతో ఆడించారు. వాటిలో ఫేస్‌బుక్ పరిశోధకులు తయారు చేసినది కూడా ఒకటి. నాలుగింటినీ ఆయన వరసగా ఓడించాడు, అలసట కూడా కనబడలేదు.

పద్నాలుగు నెలలు తిరిగేసరికి కథ మారింది. లండన్‌లోని డీప్‌మైండ్ సంస్థ స్టార్‌క్రాఫ్ట్-2 ఆడే ‘ఆల్ఫాస్టార్’ను తయారు చేసింది. దీనికి నియమాలు రాసిపెట్టలేదు. ముందు మనుషులు ఆడిన ఆటల రికార్డులు చూపించారు, తర్వాత దాని నకళ్లతో దాన్నే ఆడించారు. ఒక్కొక్క నకలు పద్నాలుగు రోజుల్లో, మనిషి లెక్కలో రెండొందల ఏళ్లకు సరిపడా ఆటలు ఆడింది. 2018 డిసెంబరులో జర్మనీకి చెందిన టీఎల్‌ఓ, పోలండ్‌కు చెందిన మానా అనే ఇద్దరు ప్రొఫెషనల్స్ మీద దాన్ని వదిలారు. ఇద్దరి మీదా 5–0. టీఎల్‌ఓ తనకు అలవాటైన జాతితో ఆడలేదన్నది నిజమే, కానీ మానా ఆడింది తన సొంత జాతితోనే. 2019 జనవరి 24న ఈ ఆటలను ప్రపంచానికి చూపించారు. చూసినవాళ్లు రెండు విషయాలు గమనించారు. ఆల్ఫాస్టార్ చేతివేగం సగటున మామూలుగానే ఉన్నా, పోరు ముదిరినప్పుడు నిమిషానికి వెయ్యి క్లిక్కులు దాటిపోయేది. మనిషి వేళ్లకు అది అలవి కాదు. రెండోది, అది తన స్థావరంలో మనుషులు సరిపడా అనుకునేదానికన్నా ఎక్కువ మంది పనివాళ్లను పెట్టుకునేది. మొదటిదాన్ని చూసి చిరాకుపడ్డ ఆటగాళ్లే రెండోదాన్ని చూసి ఆలోచనలో పడ్డారు.

అదే కార్యక్రమంలో మానాతో ఒక ప్రత్యక్ష ఆట పెట్టారు. ఈసారి ఆల్ఫాస్టార్ కూడా మనిషిలాగే తెరను జరుపుకుంటూ చూడాలి. ఆట సగంలో మానా ఒక రవాణా ఓడలో రెండు ఇమ్మోర్టల్ యంత్రాలను ఎక్కించి దాని స్థావరం వెనక దింపాడు. దండయాత్రకు బయల్దేరిన ఆల్ఫాస్టార్ సైన్యమంతా వెనక్కి తిరిగొచ్చింది. మానా ఇమ్మోర్టల్స్‌ను మళ్లీ ఓడలోకి ఎక్కించుకుని తప్పుకున్నాడు. సైన్యం బయల్దేరింది. మళ్లీ దింపాడు. మళ్లీ మొత్తం వెనక్కి. కాస్త అనుభవమున్న కుర్రాడైనా నాలుగు దళాలను ఇంటి దగ్గర కాపలా పెట్టి మిగతావాటితో ముందుకు పోయేవాడు. ఆ అతితెలివి యంత్రానికి అది తోచలేదు. ఆ తిరుగుడులో దొరికిన సమయంలో మానా తన సైన్యాన్ని పెంచుకుని ఆట గెలిచాడు. రెండొందల ఏళ్ల సాధనలో ఇలా తనను ఏడిపించేవాడు దానికి తగల్లేదన్నమాట.

డీప్‌మైండ్ పరిశోధకులు ఆ తర్వాత చేసిన పని మనం మాట్లాడుకుంటున్న విషయానికి ఆయువుపట్టు. తన నకళ్లతోనే ఆడుకునే యంత్రం ఒక ఎత్తును ఓడించడం నేర్చుకుంటూ పాత ఎత్తును మర్చిపోతుందని, ఒకే చోట గిరగిరా తిరుగుతుందని వాళ్లు గుర్తించారు. అందుకని సాధన లీగులోకి ‘ఎక్స్‌ప్లాయిటర్స్’ అనే వేరే రకం ప్రత్యర్థులను దించారు. వాటికి అందర్నీ గెలవాలన్న ఆశ ఉండదు. ప్రధాన ఆటగాడి లొసుగు ఎక్కడుందో వెతికి దాని మీదే కొట్టడం వాటి ఉద్యోగం. పిచ్చి ఎత్తులైనా సరే, అడ్డగోలు దాడులైనా సరే. చేతివేగానికి కూడా ఐదు సెకన్లకు 22 చర్యలని కళ్లెం వేశారు. ఇలా రాటుదేలిన ఆల్ఫాస్టార్ 2019లో యూరప్ సర్వర్ మీద పేరు దాచుకుని మామూలు ఆటగాళ్లతో ఆడి, మూడు జాతులతోనూ గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరింది. ర్యాంకులున్న ఆటగాళ్లలో 99.8 శాతం మందికన్నా పైన నిలిచింది. ఆ ఫలితాలు అక్టోబరు చివర్లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. కంప్యూటర్‌కు కూడా ఒకే తరహా కంప్యూటర్‌తో ఆడితే ఆట రాలేదు.

డోటా-2 ఆటలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. 2017 ఆగస్టులో ఓపెన్‌ఏఐ సంస్థ బాట్ ఉక్రెయిన్ ఆటగాడు డెండీని ఒకరితో ఒకరు పోరులో అందరి ముందూ ఓడించింది. ఆ తర్వాత జనానికి దానితో ఆడే అవకాశమిస్తే, కొందరు పద్ధతిగా ఆడటం మానేసి, శత్రు సైనికులను తమ వెంట మ్యాప్ అంతా తిప్పుకుంటూ దానికి మతిపోగొట్టి గెలిచారు. 2019 ఏప్రిల్‌లో ఐదుగురి జట్టుగా వచ్చిన ‘ఓపెన్‌ఏఐ ఫైవ్’ అప్పటి ప్రపంచ ఛాంపియన్లు ఓజీ జట్టును 2–0తో ఓడించింది. వెంటనే కొన్ని రోజులు అందరికీ తలుపులు తెరిస్తే ఏడు వేలకు పైగా ఆటల్లో 99.4 శాతం అదే గెలిచింది. మిగతా కొద్ది ఆటలు గెలిచినవాళ్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు గానీ, వాళ్లే ఆసక్తికరమైన మనుషులు.

ఇంత బలమైన బాట్లు వస్తే వాటితో రోజూ ఆడి ఆరితేరొచ్చు కదా అనిపిస్తుంది. చదరంగం ఈ దారిలో అందరికన్నా ముందు నడిచింది. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించాక ఇరవై ఏడేళ్లకు, 2024 చివర్లో, వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2800 రేటింగ్ దాటాడు. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన రెండో భారతీయుడు. ఈ ఇరవై ఏడేళ్లలో చెస్ ఆడే ప్రోగ్రాములు, అంటే ఇంజిన్లు, ఎవరూ అందుకోలేని ఎత్తుకు పోయాయి. ఫోనులో ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ ఏ ప్రపంచ ఛాంపియన్‌నైనా ఓడిస్తుంది. కానీ గట్టి ఆటగాళ్లు కూర్చుని దానితో పూర్తి ఆటలు ఆడటం అరుదు. తాము ఆడిన ఆటను దాని ముందు పెట్టి ఎక్కడ తప్పామని అడుగుతారు. రాజు, ఏనుగు, రెండు బంట్లు మిగిలిన ఒక చివరి దశను పెట్టుకుని, దాన్ని డ్రా చేయగలరా లేదా అని ఇంజిన్‌తో పదేపదే ఆడతారు. ఎదురాడేవాడిగా దానికి రోజంతా ఇవ్వరు, తీర్పరిగా మాత్రం తప్పకుండా పిలుస్తారు. స్ట్రాటజీ ఆటలు నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి నమూనా లేదు.

దీన్నే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌కు అన్వయిస్తే సాధన ఇలా ఉంటుంది. మొదట ఖాళీ మ్యాప్. శత్రువు ఉన్నా దాని జోలికి పోకుండా, ఏడున్నర నిమిషాల లెక్కకు ఎంత దగ్గరగా వస్తున్నామో చూసుకోవడం. ఎనిమిదిన్నర లోపు వచ్చాక ‘మోడరేట్’ బాట్. ఇక్కడ తనకు తాను కొన్ని ఆంక్షలు పెట్టుకోవాలి: గోడలు కట్టకూడదు, కోట కట్టకూడదు, పన్నెండో నిమిషంలోపు సైన్యం అవతలి ఊళ్లో ఉండి తీరాలి. సైన్యాన్ని అక్కడ నడిపిస్తూనే ఇక్కడ ఇళ్లు కడుతూ పనివాళ్లను పెంచుతూ ఉండటం అసలైన కష్టం, దానికి బాట్ చక్కగా సరిపోతుంది. ‘ఎక్స్‌ట్రీమ్’ బాట్ దగ్గరికి వెళ్లాక ఒత్తిడి పెరుగుతుంది. బాణాలు, రాళ్లు వచ్చినప్పుడు అది తప్పుకునే తీరు చూస్తే మన చేతులు ఎంత నెమ్మదో తెలిసొస్తుంది. అయితే దాన్ని గెలవాల్సిన అవసరం లేదు. ఓడినా ఫ్యూడల్ బటన్ ఏడూ నలభైకి నొక్కి ఉంటే ఆ పూట సాధన ఫలించినట్టే. ఏదో సందులో బురుజులు కట్టి దాన్ని ఏమార్చి గెలిస్తే, గెలుపు లెక్కలోకి వచ్చినా సాధన కిందికి రాదు.

ఆ తర్వాత మనుషుల్లోకి వెళ్లి తీరాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. ‘హార్డ్’ బాట్‌ను గోడలు లేకుండా ఓడించగలిగితే ఇక ఆగడానికి సాకు లేదు. మొదటి పది మ్యాచ్‌లలో ఎక్కువ ఓడిపోతారు, రేటింగ్ 1000 నుంచి జారుతుంది. అది అవమానం కాదు, ఆ లెక్క పనిచేసే తీరే అంత. ఎక్కడో ఒకచోట, సగం గెలిచి సగం ఓడే అంకె దగ్గర అది ఆగుతుంది. అక్కడున్న ప్రత్యర్థులు కూడా పందికి పనివాళ్లను బలి ఇచ్చేవాళ్లే.

ఓడిన ప్రతి ఆటకూ రికార్డు మిగులుతుంది. దాన్ని పూర్తిగా చూడక్కర్లేదు. దాడి మొదలైన క్షణానికి రెండు నిమిషాల ముందు నుంచి చూస్తే చాలు: అప్పుడు స్కౌట్ ఎక్కడుంది, టౌన్ సెంటర్ పని చేస్తోందా, కలప దగ్గర ఎంతమంది ఉన్నారు. తప్పు చేతిదైతే మళ్లీ కంప్యూటర్ దగ్గరికి. ఇల్లు కట్టడం మరిచిపోయే రోగానికి మందు అక్కడే ఉంది. తప్పు చూపుదైతే కంప్యూటర్ ఏమీ చేయలేదు, స్నేహితుణ్ని పిలవాలి. స్టార్‌క్రాఫ్ట్-2లో 2013 నుంచి రికార్డును మధ్యలో ఆపి, ఆ క్షణం నుంచే మళ్లీ ఆడే వీలుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడేవాళ్లయితే మామూలు మ్యాచ్ పెట్టుకుని ‘పన్నెండో నిమిషంలో నాలుగు గుర్రాలతో నా కలప మీదికి రారా’ అని చెబితే సరిపోతుంది. వాడు మొదటిసారి చెప్పిన చోటికే వస్తాడు. మూడోసారి మాత్రం చెప్పకుండా బంగారం వైపు నుంచి వస్తాడు.